ప్లగ్గులు మార్చారు సరే.. ఎన్ని మార్చారు? పాత హోండా సిటీలో చేయి పోని ఆ నాలుగు ప్లగ్గులు.. ఇంట్లోనే మార్చుకోవాలంటే ఇవి తెలియాలి

కారు స్టార్ట్ అవుతుంది. ఏసీ వేసి ఫ్లైఓవర్ ఎక్కితే మాత్రం పికప్ ఉండదు. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్‌లో సన్నగా వణుకు. మైలేజ్ పడిపోయింది. గ్యారేజ్‌కి తీసుకెళ్తే 'ప్లగ్గులు కొత్తవే కదా సార్, మొన్ననే మార్చాం' అంటారు. బిల్లులో కూడా 'స్పార్క్ ప్లగ్స్' అనే ఉంటుంది. పక్కన ఎన్ని అని రాసి ఉందో ఎవరూ చూడరు. పాత హోండా సిటీ ఓనర్లు చూడాల్సింది సరిగ్గా ఆ అంకెనే.

2003 నుంచి 2008 దాకా మన దేశంలో అమ్మిన సిటీలో, మధ్యలో జెడ్ఎక్స్ అని పేరు మార్చుకున్న మోడల్‌లో కూడా, 1.5 లీటర్ ఐ-డీఎస్ఐ ఇంజిన్ వచ్చేది. సిలిండర్లు నాలుగే. ప్లగ్గులు మాత్రం ఎనిమిది. ఒక్కో సిలిండర్‌కు రెండు చొప్పున. పల్సర్ బైక్ మీద డీటీఎస్-ఐ అని చూసినవాళ్లకు ఈ ఐడియా కొత్తేం కాదు. పెట్రోల్ మిశ్రమాన్ని రెండు వైపుల నుంచి అంటిస్తే త్వరగా, పూర్తిగా మండుతుంది, మైలేజ్ పెరుగుతుంది. ఆ కారుకు మైలేజ్‌లో మంచి పేరు రావడానికి ఇదీ ఒక కారణం. అదే బాడీలో వచ్చిన వీటెక్ ఇంజిన్‌కు మాత్రం నాలుగే ప్లగ్గులు. కాబట్టి ముందు మీ కారు ఏ ఇంజినో చూసుకోవాలి.

బోనెట్ ఎత్తితే ముందు వరసలో నాలుగు కాయిల్స్ కళ్లెదురుగా కనిపిస్తాయి. వాటి కిందే నాలుగు ప్లగ్గులు. అరగంట పని. వెనక నాలుగు అలా కాదు. అవి ఇంజిన్‌కు, అద్దం కింద ఇనుప గోడకు మధ్య ఇరుక్కుని ఉంటాయి. పైన వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్ ప్యానెల్ మూసేసి ఉంటుంది. చేయి పోదు, చూపూ పోదు. అందుకే చాలాచోట్ల ముందు నాలుగు మార్చి బోనెట్ దించేస్తారు.

అలా వదిలేస్తే వెంటనే తెలియకపోవడమే అసలు చిక్కు. మామూలు కారులో ఒక ప్లగ్ పోతే ఆ సిలిండర్ మొత్తం ఆగిపోతుంది. మిస్సింగ్ కొట్టి ఇంజిన్ కుదిపేస్తుంది, ఎవరికైనా అర్థమవుతుంది. ఇక్కడ వెనక ప్లగ్ చచ్చిపోయినా ముందుది అంటిస్తూనే ఉంటుంది. కారు నడుస్తుంది.. కాస్త నీరసంగా, కాస్త ఎక్కువ పెట్రోల్ తాగుతూ. అలా ఏళ్లు గడిచిపోతాయి. ఈలోగా వెనక ప్లగ్గు మరలు అల్యూమినియం హెడ్‌లో బిగుసుకుపోతాయి. చివరికి ఎవరో ఒకరు దాన్ని విప్పాలని బలంగా తిప్పినప్పుడు ఖరీదైన నష్టం అక్కడ జరుగుతుంది.

ఈ కార్లు ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్, థర్డ్ హ్యాండ్ ఓనర్ల చేతుల్లో ఉన్నాయి. తక్కువ ధరకు మంచి ఇంజిన్ దొరికిందని కొన్నవాళ్లే వీళ్లంతా. ఓపిక, కాసిని సామాన్లు, ఒక ఆదివారం ఉంటే ఈ పని ఇంటి దగ్గరే అవుతుంది. అయితే ఎక్కడ తొందరపడకూడదో ముందే తెలియాలి.

ఏం కొనాలి? ఎక్కడ కొనాలి?

ప్లగ్గు నంబర్ ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. అదే నంబర్, ఎనిమిది కొనాలి. షాపులో 'ఇది కూడా పడుతుంది' అంటే తీసుకోవద్దు. మర పొడవు కొంచెం ఎక్కువైనా పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది. పాత ప్లగ్గు మీద నంబర్ ఉంది కదా అని దాన్నే నమ్మడం కూడా తప్పే, అంతకుముందు ఎవరు ఏది పెట్టారో తెలియదు. ఎన్‌జీకే ప్లగ్గుల్లో నంబర్ చివర 11 అని ఉంటే, నిప్పురవ్వ దూకే ఖాళీ 1.1 మి.మీ. అని అర్థం.

విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో తెలిసిన స్పేర్స్ షాపులో బిల్లు మీద కొనడం మంచిది. ప్లగ్గుల్లో నకిలీలు ఎక్కువ. ధర మరీ తక్కువగా ఉండటం, పింగాణీ మీద అక్షరాలు గోరుతో గీకితే చెరిగిపోవడం, ఎనిమిదింటిలో ఖాళీ ఒక్కోదానికి ఒక్కోలా ఉండటం.. ఇవన్నీ అనుమానించాల్సిన గుర్తులే.

సామాన్ల విషయానికొస్తే, లోపల రబ్బర్ పట్టు ఉండే ప్లగ్ సాకెట్, రాట్చెట్, ఒక పొట్టి ఎక్స్‌టెన్షన్, ఒక పొడుగు ఎక్స్‌టెన్షన్, పక్కకు వంగే జాయింట్ ఒకటి. కాయిల్ బోల్టులకు చిన్న సాకెట్. టార్క్ రెంచ్ దొరికితే చాలా మంచిది. ఇంకో రెండు చిన్న వస్తువులు ఎవరూ చెప్పరు కానీ అవే పని నడిపిస్తాయి. ఒకటి ఇన్సులేషన్ టేపు. రెండోది అడుగు పొడవు పెట్రోల్ పైపు ముక్క. వాటి పని తర్వాత వస్తుంది. వైపర్ ప్యానెల్ క్లిప్పులు కూడా నాలుగైదు ముందే కొనిపెట్టుకోవాలి. ఇన్నేళ్లు ఎండలో ఎండిన ప్లాస్టిక్ కదా.. కొన్ని విరుగుతాయి.

ఇంజిన్ చల్లగా ఉండాలి.. ఇందులో రాజీ లేదు

రాత్రంతా ఆగిన కారు మీద పొద్దున్నే పని మొదలుపెట్టడం ఉత్తమం. వేడి మీద అల్యూమినియం మర మెత్తబడి ఉంటుంది. అప్పుడు ఇనుప ప్లగ్గును తిప్పితే మరను పీక్కుంటూ బయటికి వస్తుంది. 'గోరువెచ్చగా ఉన్నప్పుడు ఈజీగా వస్తుంది' అనే సలహా గ్యారేజీల్లో వినిపిస్తుంది. చేయి తిరిగిన మెకానిక్‌కు అది నడవొచ్చేమో, మొదటిసారి చేసేవాళ్లకు వద్దు.

బ్యాటరీ మైనస్ వైరు తీసి పక్కకు పెట్టాలి. కొన్ని కార్లలో తర్వాత మ్యూజిక్ సిస్టమ్ కోడ్ అడుగుతుంది, అది ముందే వెతికి ఉంచుకోవాలి. కాయిల్ నుంచి ప్లగ్గుకు వెళ్లే కరెంట్ 20 వేల వోల్టులకు పైమాటే. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ ఊడదీసి 'ఏ సిలిండర్ పనిచేయట్లేదో' చూసే అలవాటు చాలామందికి ఉంది. షాక్ ఒక్కటే కాదు, మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని వేడెక్కించి పాడుచేస్తుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు నడుస్తున్న ఇంజిన్ కాయిల్స్ దగ్గరికి రానే కూడదు.

ముందు వరస మొదలుపెట్టడమే మంచిది. నాలుగూ తేలిగ్గా వచ్చేస్తే చేతికి అలవాటవుతుంది. ఎంత బలం పెడితే ప్లగ్ కదులుతుందో తెలుస్తుంది. ఆ అంచనా వెనక్కి వెళ్లినప్పుడు పనికొస్తుంది.

వైపర్ల కిందికి వెళ్లేదెలా?

వైపర్లు అద్దం మీద ఎక్కడ ఆగి ఉన్నాయో టేపు ముక్కతో గుర్తుపెట్టుకోవాలి. లేదంటే తిరిగి బిగించాక అవి ఒకదానికొకటి తగులుకుంటాయి, లేదా పక్క పిల్లర్‌ను కొడతాయి. వైపర్ మొదట్లో మూత తీసి నట్టు విప్పాలి. అయినా చేయి ఊడి రాదు, ఏళ్లుగా పట్టేసి ఉంటుంది. సుత్తి వద్దు. అటూ ఇటూ మెల్లగా ఊపుతూ పైకి లాగితే వదులుతుంది. ఈ పనంతా చేసేటప్పుడు అద్దం మీద మడతపెట్టిన దుప్పటి ఉండాలి. వైపర్ స్ప్రింగ్ జారి అద్దాన్ని కొడితే పగులుతుంది. అప్పుడు ప్లగ్గుల ఖర్చు గుర్తుకే రాదు!

తర్వాత బోనెట్ రబ్బరు, క్లిప్పులు, ప్లాస్టిక్ ప్యానెల్. దాని కింద వైపర్ మోటారు, దాని ఇనుప చేతులు అడ్డొస్తే వాటి బోల్టులూ విప్పాలి. ఏ బోల్టు ఎక్కడిదో మర్చిపోకుండా ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకుంటే సరి. బోల్టులన్నీ ఒకే డబ్బాలో వేయకుండా, విప్పిన వరసలో అట్టముక్కకు గుచ్చిపెడితే ఇంకా సుఖం.

ప్యానెల్ తీయగానే కనిపించేది ప్లగ్గులు కాదు.. చెత్త. వేపాకులు, ఎండిన మట్టి, ఒక్కోసారి ఎలుక గూడు కూడా. ఇది తుడవకుండా ముందుకెళ్తే ఆ చెత్త సిలిండర్‌లో పడుతుంది. ఇసుక రేణువు ఒకటి లోపల పడినా సిలిండర్ గోడకు గీతలు పడతాయి. ముందు బ్రష్, వ్యాక్యూమ్‌తో పైన తుడవాలి. కాయిల్ తీశాక ప్లగ్ గుంతలో టైర్లకు గాలి కొట్టే చిన్న కంప్రెసర్‌తో గాలి పట్టాలి. కళ్లజోడు పెట్టుకునే చేయాలి, ఎగిరే మట్టి నేరుగా ముఖానికే వస్తుంది.

కాయిల్ కనెక్టర్ లాక్ నొక్కి పట్టుకుని ప్లాస్టిక్‌ను లాగాలి, వైరును కాదు. పాత లాకులు విరిగే స్వభావం ఉన్నవి. బోల్టు తీశాక కాయిల్‌ను కొంచెం ఎడమకు, కుడికి తిప్పితే రబ్బరు వదులుతుంది, అప్పుడు పైకి లాగాలి. కాయిల్స్‌కు 1, 2, 3, 4 అని టేపు మీద రాసి అంటించాలి. గుంతలో నూనె నిలిచి ఉంటే గుడ్డతో పీల్చేయాలి. అంటే అక్కడి రబ్బర్ సీల్ లీకవుతోందని అర్థం. ఆ పని వేరే, కానీ నూనె అలాగే ఉంచి ప్లగ్ తీస్తే అదంతా సిలిండర్‌లోకే దిగుతుంది.

ఇప్పుడు ప్లగ్

ఎక్స్‌టెన్షన్, జాయింట్, సాకెట్ కలిసే ప్రతి చోటా ఇన్సులేషన్ టేపు చుట్టాలి. టేపు కొన్నది ఇందుకే. లేదంటే పైకి లాగేటప్పుడు సాకెట్ గుంతలోనే ఉండిపోతుంది, ఖాళీ ఎక్స్‌టెన్షన్ చేతికొస్తుంది. చేయి పోని చోట అది తీయడానికే గంట పడుతుంది.

సాకెట్ ప్లగ్గు మీద నిటారుగా, పూర్తిగా కూర్చోవాలి. ఏటవాలుగా పెట్టి తిప్పితే పింగాణీ పగులుతుంది. పక్కకు వంగే జాయింట్‌ను ఎంత తక్కువ వంచితే అంత మంచిది. మొదటి కదలికకు 'టక్'మని చిన్న చప్పుడు వస్తుంది, ఆ తర్వాత వేళ్లతోనే తిరిగితే హ్యాపీ.

తిరగకపోతే? పైపు తగిలించి బలం పెంచడం అసలు చేయకూడని పని. తుప్పు వదిలించే స్ప్రే నాలుగు చుక్కలు మర మొదట్లో పడేలా వేసి కనీసం గంట ఆగాలి. తర్వాత పావు చుట్టు విప్పి, తిరిగి కొంచెం బిగించి, మళ్లీ విప్పాలి. అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీయాలి. కీచుమని శబ్దం వస్తూ తిరిగేకొద్దీ బిగుసుకుంటూ ఉంటే అక్కడే ఆపేయాలి. దాన్ని తిరిగి బిగించి, కాయిల్ పెట్టి, కారును మంచి మెకానిక్ దగ్గరికి నడుపుకుంటూ వెళ్లొచ్చు. మర తెగాక అలా వెళ్లే అవకాశం ఉండదు. మెకానిక్‌లు 'చూడీ పోయింది' అనేది దీన్నే. మర పోయిన చోట కొత్త ఇన్సర్ట్ వేయొచ్చు. కానీ ఇంజిన్ మీదే ఆ పని చేస్తే లోహపు పొట్టు లోపల పడే ప్రమాదం ఉంది. వెనక వరసలో డ్రిల్లుకు చోటు చాలకపోతే హెడ్ దించాల్సిందే.

ఒకటి తీసి, దాని స్థానంలో కొత్తది పెట్టి, తర్వాతే ఇంకోటి తీయాలి. తీసిన ప్లగ్గులను పారేయకుండా వరసగా పేర్చాలి. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంజిన్ ఆరోగ్యం బాగున్నట్టే. పొడి నల్ల మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే నూనె లోపలికి వస్తోంది. తెల్లగా బొబ్బలెక్కినట్టుంటే ఆ సిలిండర్ మరీ వేడెక్కుతోంది. ముందు, వెనక ప్లగ్గులు పక్కపక్కన పెడితే వెనకవి ఎన్నాళ్లుగా మార్చలేదో ఎవరూ చెప్పక్కర్లేదు. మధ్య మొన అరిగి గుండ్రంగా అయిపోయి, ఖాళీ బాగా పెరిగి ఉంటుంది. ఆ ఖాళీని దూకించడానికి కాయిల్ ఎక్కువ వోల్టేజ్ ఇవ్వాలి. అరిగిన ప్లగ్గులు ఉంచుకుంటే కాయిల్స్ త్వరగా పోయేది అందుకే.

కొత్త ప్లగ్ పెట్టడంలో పెట్రోల్ పైపు కిటుకు

కొత్తది కింద పడితే వాడొద్దు, బయటికి కనిపించకపోయినా లోపల పింగాణీ చిట్లి ఉండొచ్చు. ఖాళీని ఫీలర్ గేజ్‌తో ఓసారి చూసుకోవాలి. ఇరిడియం ప్లగ్గుల మొన సన్నగా ఉంటుంది, దాన్ని గేజ్‌తో వంచే ప్రయత్నం చేయకూడదు.

ప్లగ్గు తలకు పెట్రోల్ పైపు ముక్క తొడిగి, దాన్ని పట్టుకుని గుంతలోకి దించాలి. ముందు ఎడమ వైపుకు, అంటే విప్పే దిశలో మెల్లగా తిప్పాలి. మర మొదలు కలిసిన చోట చిన్నగా కిందికి పడినట్టు తెలుస్తుంది. అప్పుడు కుడికి తిప్పాలి. మర వంకరగా ఎక్కుతుంటే పైపు ప్లగ్గు మీద జారిపోతుంది, ప్లగ్ తిరగదు. రాట్చెట్‌తో అయితే అదే వంకర మరను బలవంతంగా ఎక్కించేస్తారు. చేత్తో ఐదారు చుట్లు హాయిగా తిరిగాకే సాకెట్ పట్టుకోవాలి.

ఎంత బిగించాలి అన్నదే చాలామంది తప్పుచేసే చోటు. 14 మి.మీ. మర ఉన్న ప్లగ్గుకు అల్యూమినియం హెడ్‌లో ఎన్‌జీకే చెప్పే లెక్క 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. కారు మాన్యువల్‌లో అంతకంటే తక్కువ అంకె ఉంటే అదే ఫైనల్. టార్క్ రెంచ్ లేకపోయినా, లేదా వెనక వరసలో పట్టకపోయినా ఇంకో దారి ఉంది. వాషర్ ఉన్న కొత్త ప్లగ్గును చేత్తో చివరిదాకా బిగించి, ఆ తర్వాత రెంచ్‌తో సగం నుంచి మూడింట రెండొంతుల చుట్టు తిప్పితే చాలు. వాషర్ నలిగి సీల్ అవుతుంది.

మరకు గ్రీజు గానీ, యాంటీ సీజ్ గానీ రాస్తే మళ్లీ తీయడానికి సులువవుతుందని కొందరు పూస్తుంటారు. ఎన్‌జీకే తన ప్లగ్గులకు ఇది వద్దనే చెబుతోంది. మరకు ముందే పూత ఉంటుంది. పైన ఇంకా జారుడు చేరితే అదే టార్క్ అంకెకు ప్లగ్ ఎక్కువ బిగుసుకుంటుంది. చివరికి మర సాగిపోతుంది, ప్లగ్ మెడ విరుగుతుంది.

కాయిల్స్ నంబర్ ప్రకారం తిరిగి పెట్టి, కనెక్టర్ 'క్లిక్' వినాలి. ప్యానెల్ మూసేముందు దాని కింద నీళ్లు పోయే రంధ్రాలు చూడాలి. ఆకులతో పూడిపోయి ఉంటే, లేదా ప్యానెల్ సరిగ్గా కూర్చోకపోతే, మొదటి వానకే నీళ్లు వెనక కాయిల్స్ మీద పడతాయి. కష్టపడి మార్చిన ప్లగ్గుల గుంతలోనే నీళ్లు నిలుస్తాయి. బాటిల్‌తో నీళ్లు పోసి అవి పక్కకు వెళ్తున్నాయో లేదో చూసుకున్నాకే వైపర్లు బిగించడం మంచిది.

స్టార్ట్ చేశాక వణుకు ఉంటే కంగారు పడక్కర్లేదు. చాలాసార్లు కారణం సరిగ్గా తగలని కనెక్టరే. ఇంజిన్ ఆపి, అన్నీ మళ్లీ నొక్కి చూడాలి. మొత్తంగా మొదటిసారి చేసేవాళ్లకు సగం రోజు పడుతుంది. మామూలు నికెల్ ప్లగ్గులకు 30, 40 వేల కిలోమీటర్ల ఆయుష్షు అనుకుంటే, మళ్లీ ఆ ప్యానెల్ విప్పే పని కొన్నేళ్లదాకా రాదు.

ఓమ్నీ, ఈకోలో సీటు కింద.. సియెన్నాలో మ్యానిఫోల్డ్ కింద

చేయి పోని ప్లగ్గులు ఒక్క సిటీలోనే లేవు. మారుతి ఓమ్నీ, ఈకోల్లో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు ఎత్తి మూత తీస్తే దారి దొరుకుతుంది కానీ కారు లోపల కూర్చుని పక్కకు వంగి చేయాలి. చోటు తక్కువ, వేడి ఎక్కువ. సీఎన్‌జీ బండి అయితే సిలిండర్ వాల్వ్ మూసి, తలుపులన్నీ తెరిచే మొదలుపెట్టాలి. సీఎన్‌జీకి ఎక్కువ వోల్టేజ్ కావాలి కాబట్టి అలాంటి బండ్లలో ప్లగ్గులు ముందే అరుగుతాయి కూడా.

అమెరికాలో పిల్లలున్న తెలుగు కుటుంబాలు వాడే టొయోటా సియెన్నా సంగతి ఇంకోలా ఉంటుంది. 2020 దాకా వచ్చిన వీ6 ఇంజిన్ సియెన్నాలో ముందు మూడు ప్లగ్గులు సులువు. వెనక మూడింటి కోసం వైపర్లు, ప్యానెల్‌తో పాటు గాలి లోపలికి వెళ్లే పై మ్యానిఫోల్డ్ కూడా దించాలి. అక్కడ లేబర్ చార్జీలు చూసి ఇంటి గ్యారేజ్‌లోనే పని పెట్టుకునేవాళ్లున్నారు. మ్యానిఫోల్డ్ తీసిన క్షణం నుంచి ఇంజిన్ నోళ్లు తెరుచుకుని ఉంటాయి. వాటిని వెంటనే శుభ్రమైన గుడ్డతో మూసేయాలి. ఒక్క నట్టు అందులో పడితే ఇంజిన్ విప్పుకోవాల్సిందే. మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ కూడా కొత్తది వేయాలి. ఇరిడియం ప్లగ్గులు కాబట్టి టొయోటా వీటికి 1,20,000 మైళ్ల గడువు ఇచ్చింది. అంటే చాలామంది జీవితంలో ఆ కారుకు ఒక్కసారి చేసే పని.

గ్యారేజ్‌లోనే చేయించాలనుకుంటే

ఇదంతా చదివాక మనవల్ల కాదనుకుంటే తప్పేం లేదు. కానీ సిటీ ఐ-డీఎస్ఐ ఇచ్చేటప్పుడు 'ఎనిమిదీ మార్చాలి, పాతవి ఎనిమిదీ తిరిగి ఇవ్వాలి' అని ముందే చెప్పాలి. వెనకవాటికి లేబర్ ఎక్కువ అడుగుతారు, అది న్యాయమే. వైపర్లు విప్పడం దగ్గర్నుంచి ఉన్న పని ఇది. కొనబోయే పాత కారు అయితే పాత ప్లగ్గులు దొరకవు. అప్పుడు బోనెట్ ఎత్తి వైపర్ల కింద ప్యానెల్ క్లిప్పులు చూడాలి. క్లిప్పుల తలల మీద స్క్రూడ్రైవర్ గీతలు లేకుండా, ఏళ్లనాటి దుమ్ము చెక్కుచెదరకుండా అలాగే ఉంటే, ఆ ప్యానెల్‌ను ఈమధ్య ఎవరూ విప్పలేదు. వెనక నాలుగు ప్లగ్గుల ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగొచ్చు.